సిస్టిక్ ఫైబ్రోసిస్ పిల్లల్లో ఎపిడెమిక్ స్ట్రెయిన్ అనుమానం: గోదావరి డెల్టా నుంచి ఒక కేస్ స్టడీ

రాజోలు వైపు నుంచి వచ్చే 13 ఏళ్ల బాలుడు, పాలకొల్లు దగ్గరి పల్లె నుంచి వచ్చే 10 ఏళ్ల బాలిక సిస్టిక్ ఫైబ్రోసిస్‌తో (ఊపిరితిత్తుల్లో చిక్కటి తెమడ పేరుకుని పదేపదే ఇన్ఫెక్షన్లు వచ్చే జన్యు జబ్బు, క్లుప్తంగా సీఎఫ్) మా ఆసుపత్రిలోని పిల్లల ఊపిరితిత్తుల విభాగంలో చికిత్స పొందుతున్నారు. ఒక ఫిబ్రవరిలో, వారం తేడాతో వచ్చిన ఇద్దరి కఫం నమూనాల్లోనూ సూడోమోనాస్ ఎరూజినోసా అనే బ్యాక్టీరియా పెరిగింది. రెండు నమూనాల క్రిములూ సెఫ్టాజిడిమ్, సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌లకు లొంగలేదు. రెండూ మెరోపెనెమ్‌కు, టోబ్రామైసిన్‌కు లొంగాయి. క్రిమి ఏ మందుకు లొంగుతుందో చెప్పే సెన్సిటివిటీ రిపోర్టులు రెండూ పక్కపక్కన పెడితే పేర్లలో తప్ప తేడా కనిపించలేదు. ఒకరి నుంచి ఒకరికి పాకిందా అన్న ప్రశ్న మైక్రోబయాలజిస్టుగా నా బల్ల మీదికి వచ్చింది. దానికి జవాబు ఎలా దొరికిందో, జూలైలో అదే బాలుడి కఫంలో మరో క్రిమి కనిపించి అదే ప్రశ్నను ఇంకా తీవ్రంగా ఎలా లేవనెత్తిందో ఇక్కడ వివరిస్తున్నాను. రెండు కుటుంబాల అనుమతి ఉంది; గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను.

బాలుడి తల్లిదండ్రులది మేనరికం. సిస్టిక్ ఫైబ్రోసిస్ రావాలంటే సీఎఫ్‌టీఆర్ జన్యువు రెండు ప్రతుల్లోనూ లోపం ఉండాలి కాబట్టి, దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్లు జరిగే మన ప్రాంతంలో వదలని దగ్గుతో బిడ్డ వచ్చినప్పుడు ఈ జబ్బును కూడా గుర్తుంచుకోవాలి. ఇతనికి ఆరేళ్ల వయసు నుంచీ దగ్గు, తెమడ, జిడ్డు విరేచనాలు ఉన్నాయి. వేరేచోట క్షయ మందులు ఒక కోర్సు పూర్తిగా వాడారు. మా దగ్గరికి వచ్చేసరికి గోళ్లు ఉబ్బి ఉన్నాయి, ముక్కులో పాలిప్స్ ఉన్నాయి. ఎండాకాలంలో వాడి నుదురు మీద ఉప్పు పేరుకుంటుందని నాయనమ్మ అడగకుండానే చెప్పింది. చెమట పరీక్షలో క్లోరైడ్ లీటరుకు 98 మిల్లీమోల్స్ వచ్చింది. 60 దాటితే జబ్బు ఉన్నట్టే లెక్క. 1948లో న్యూయార్క్‌లో వచ్చిన వడగాడ్పులకు సొమ్మసిల్లి ఆసుపత్రిలో చేరిన పిల్లల్లో చాలామంది ఈ జబ్బు ఉన్నవాళ్లేనని తేలడంతోనే చెమటలో ఉప్పు సంగతి వైద్యుల దృష్టికి వచ్చింది. మే నెల కోనసీమ ఉక్కలో ఈ పిల్లలకు ఉప్పు, నీళ్లు ఎంత ముఖ్యమో చెప్పడానికి నేను ఇప్పటికీ ఆ చరిత్రనే ఉదాహరణగా చెబుతాను. బాలిక జబ్బు తీరు ఇంచుమించు ఇదే, అయితే ఆమెకు రోగనిర్ధారణ నాలుగేళ్లకే జరిగింది.

రెండు కుటుంబాలకూ బంధుత్వం లేదు. పరిచయమైంది మా ఔట్‌పేషెంట్ వరండాలో. పేరు కూడా పలకడానికి కష్టమైన జబ్బు మరో బిడ్డకు ఉందని తెలిసిన తల్లులు ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నారు. ఎంజైమ్ గుళికలు ఎక్కడ దొరుకుతాయో, ఫిజియోథెరపీకి పిల్లల్ని ఎలా ఒప్పించాలో మాట్లాడుకున్నారు. చించినాడ వంతెన దాటితే పాలకొల్లు దూరమేమీ కాదు. ఆ ఏడాది సంక్రాంతికి బాలుడి కుటుంబం బాలిక ఇంటికి వెళ్లి, పండుగ మూడు రోజులూ అక్కడే ఉంది. పిల్లలిద్దరూ ఒకే గదిలో పడుకున్నారు. రెండో రోజు బాలుడి నెబ్యులైజర్ పాడైతే బాలిక నెబ్యులైజర్‌నే వాడారు. ఈ సంగతి చెప్పాక బాలుడి తల్లి నెమ్మదిగా, “డాక్టరు గారూ, మావాడి పురుగు ఆ పాపకి అంటుకుందాండీ?” అని అడిగింది. ఆ ప్రశ్నకు ఊహతో జవాబు చెప్పే హక్కు మనకు లేదు. తప్పుగా “అవును” అంటే ఒకరికొకరు ఆసరాగా నిలిచిన రెండు ఇళ్ల మధ్య జీవితాంతం ఒక నింద మిగులుతుంది. తప్పుగా “కాదు” అంటే క్లినిక్‌కు వచ్చే మిగతా పిల్లలందరికీ ప్రమాదం.

ఈ ప్రమాదం ఎంతటిదో ప్రపంచానికి తెలిసింది 1990లలోనే. అంతకుముందు, సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగులు ప్రతి ఒక్కరూ తమ సూడోమోనాస్‌ను నీళ్లలోంచో నేలలోంచో విడివిడిగా తెచ్చుకుంటారనీ, అది ఒకరి నుంచి ఒకరికి పాకడం అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ల మధ్య తప్ప అరుదనీ అనుకునేవారు. 1996లో లివర్‌పూల్ పిల్లల క్లినిక్‌లో సెఫ్టాజిడిమ్‌కు లొంగని సూడోమోనాస్‌లకు జన్యు పరీక్ష చేసినప్పుడు, బంధుత్వం లేని చాలామంది పిల్లల్లో ఉన్నది ఒకే స్ట్రెయిన్ (ఒకే జాతి క్రిమిలోని ఒక వంశం) అని బయటపడింది. తర్వాత మాంచెస్టర్‌లో, మెల్‌బోర్న్‌లో, డెన్మార్క్‌లో, కెనడా మైదాన ప్రాంతాల్లో ఇలాంటివే వేరువేరు స్ట్రెయిన్లు తేలాయి. లివర్‌పూల్ స్ట్రెయిన్‌లో భయపెట్టే గుణం ఏమిటంటే, అప్పటికే వేరే సూడోమోనాస్ ఉన్న రోగి ఊపిరితిత్తుల్లో కూడా అది చేరి పాతదాన్ని తోసేయగలదు. బర్ఖోల్డేరియా అనే మరో బ్యాక్టీరియా విషయంలో హెచ్చరిక మరికాస్త ముందే వచ్చింది. ఎడిన్‌బరో, టొరంటో నగరాల రోగుల్లో కనిపించిన, ఈటీ-12 అనే బర్ఖోల్డేరియా సెనోసెపేషియా వంశం, రోగులు కలిసి గడిపిన చోట్ల వారి మధ్య పాకిందని 1993 నాటికే స్పష్టమైంది. ఆ క్రిమి సోకినవారిలో కొందరు కొద్ది వారాల్లోనే తీవ్రమైన న్యుమోనియాతో, రక్తంలో ఇన్ఫెక్షన్‌తో చనిపోయేవారు.

మళ్లీ మా కేసుకు వస్తాను. ఇద్దరి సెన్సిటివిటీ ఒకేలా ఉండడమే అనుమానానికి మూలం కాబట్టి, ఆ పోలికకు ఎంత విలువ ఇవ్వాలన్నది ముందు తేల్చుకోవాలి. నా అభిప్రాయంలో చాలా తక్కువ. సిస్టిక్ ఫైబ్రోసిస్ ఊపిరితిత్తుల్లో ఏళ్ల తరబడి ఉండే సూడోమోనాస్ ఒకే రూపంలో ఉండదు. ఒకే కఫం నమూనాలో, ఒకే స్ట్రెయిన్‌కు చెందిన రెండు కాలనీలు వేరువేరు సెన్సిటివిటీ చూపించవచ్చు. అలాగే, ఒకే మందును పదేపదే ఎదుర్కొన్న రెండు వేరు స్ట్రెయిన్లు ఒకే రకమైన నిరోధకతను సొంతంగా సంపాదించుకోవచ్చు. మా పిల్లలిద్దరికీ గత రెండేళ్లలో సెఫ్టాజిడిమ్, సిప్రోఫ్లాక్సాసిన్ పలుమార్లు ఇచ్చారు. ఒకే ఇంటిపేరు ఉన్నంత మాత్రాన ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కానట్టే, ఒకే జాతి పేరు, ఒకే సెన్సిటివిటీ ఉన్నంత మాత్రాన రెండు క్రిములు ఒకే స్ట్రెయిన్ కావు. పాత పద్ధతిలో ఓ-సీరోటైప్ (క్రిమి పై పొరను బట్టి చేసే వర్గీకరణ) చూసినా ఇక్కడ లాభం లేదు. దీర్ఘకాలం ఊపిరితిత్తుల్లో ఉన్న సూడోమోనాస్‌లు పై పొరలోని ఓ-యాంటిజెన్‌ను కోల్పోతాయి కాబట్టి చాలాసార్లు సీరోటైప్ తేలదు.

అందువల్ల ప్లేట్ దగ్గర నుంచే జాగ్రత్త మొదలవ్వాలి. బాలుడి మెకాంకీ ప్లేట్ మీద 48 గంటల తర్వాత మూడు రకాల కాలనీలు కనిపించాయి: జిగురుగా, లూపుతో తాకితే తీగలా సాగేవి; చదునుగా, అంచులు చిరిగినట్టు ఉండి పక్కనున్న న్యూట్రియెంట్ అగార్‌లో ఆకుపచ్చ రంగు వదిలేవి; గుండుసూది మొనంత ఉండి, హడావిడిలో ఉన్న టెక్నీషియన్ కంట పడనివి. బాలిక ప్లేట్ మీద జిగురు రకం, ఆకుపచ్చ రకం ఉన్నాయి. ఒక్క కాలనీని తీసుకుని రిపోర్టు రాసేసి ప్లేట్ పారేస్తే, రోగిలో రెండు స్ట్రెయిన్లు ఉన్న సంగతి ఎప్పటికీ తెలియదు. మేము ప్రతి రూపం నుంచీ విడిగా కల్చర్ చేసి, గ్లిసరాల్ కలిపిన బ్రాత్‌లో −80 డిగ్రీల దగ్గర దాచాం. అంతకన్నా ముఖ్యంగా, ఇద్దరి పాత ఐసోలేట్లు (నమూనా నుంచి వేరుచేసి పెంచిన క్రిములు) కూడా, అంటే సంక్రాంతికి ముందువి, ఫ్రీజర్‌లో ఉన్నాయి. స్ట్రెయిన్ ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లిందో చెప్పాలంటే నేటి క్రిమి ఒక్కటే చాలదు, నిన్నటిది కూడా కావాలి. టైపింగ్ (క్రిమి ఏ స్ట్రెయినో తేల్చే పరీక్ష) సౌకర్యం లేని ప్రయోగశాల కూడా చేయగలిగిన పని ఇది. సీఎఫ్ పిల్లల ఐసోలేట్లను పారేయకుండా ఉంచమని జిల్లా కేంద్రాల్లోని సహోద్యోగులను నేను పదేపదే కోరేది అందుకే.

ఐసోలేట్లను వాలు అగార్ ట్యూబుల్లో, మూడు పొరల ప్యాకింగ్‌తో ఒక రిఫరెన్స్ ప్రయోగశాలకు పంపాం. మొదట లివర్‌పూల్ స్ట్రెయిన్‌ను వెతికే పీసీఆర్ చేశారు. పీఎస్-21, ఎఫ్-9 అనే రెండు జన్యు గుర్తుల కోసం చేసే ఈ పరీక్ష ఒక్క రోజులో జవాబిస్తుంది, రెండూ కనిపిస్తే అనుమానం బలపడుతుంది. మా ఐసోలేట్లలో రెండూ లేవు. ఇక్కడ ఆగిపోతే పొరపాటే. లివర్‌పూల్ స్ట్రెయిన్ కాదని తేలింది గానీ, మన దగ్గరే పుట్టి మన క్లినిక్‌లోనే తిరుగుతున్న స్ట్రెయిన్ కాదని తేలలేదు. ఏ దేశంలో ఏ స్ట్రెయిన్ పాకిందో అక్కడి వాళ్లు వెతికాకే బయటపడింది. మన దగ్గర కూడా మన రోగుల ఐసోలేట్లను ఒకదానితో ఒకటి పోల్చాలి తప్ప, విదేశీ స్ట్రెయిన్ల జాబితాతో పోల్చి ఊరుకోకూడదు.

తర్వాతి దశలో ఏడు జన్యువుల వరుసను చదివే ఎంఎల్ఎస్‌టీ, దానితోపాటు పూర్తి జీనోమ్ సీక్వెన్సింగ్ చేయించాం. బాలుడి మూడు రూపాలూ ఒకే సీక్వెన్స్ టైప్, సంక్రాంతికి ముందున్నది కూడా అదే. బాలిక రెండు రూపాలూ, ఆమె పాత ఐసోలేటూ వేరొక టైప్. రెండు టైప్‌ల మధ్య ఏడు జన్యువుల్లో కలిసింది ఒక్కటే. జీనోమ్‌లో నిరోధకత ఎలా వచ్చిందో చూసినప్పుడు విషయం ఇంకా తేటతెల్లమైంది. సెఫ్టాజిడిమ్‌ను విరగ్గొట్టే ఆంప్-సీ ఎంజైమ్ అతిగా తయారయ్యేలా చేసే మార్పు ఇద్దరిలోనూ ఆంప్-డీ జన్యువులోనే జరిగింది, కానీ ఒకే చోట కాదు: బాలుడి క్రిమిలో ఒక చిన్న ముక్క ఎగిరిపోయింది, బాలిక క్రిమిలో ఒక అక్షరం మారింది. ఒకే మందు ఒత్తిడికి రెండు వేరు క్రిములు వేరువేరు దారుల్లో ఒకే గమ్యానికి చేరాయి.

బాలుడి తల్లికి నేను చెప్పినది ఇంతే: మీవాడిది ఆ పాపకు అంటుకోలేదు, ఆ పాపది మీవాడికి అంటుకోలేదు, అయినా ఇద్దరినీ కలవనివ్వకండి. ఈ రెండో మాట చెప్పడం కష్టం, వినడం ఇంకా కష్టం. కానీ టైపింగ్ చెప్పేది జరిగిపోయినదాని గురించే. ఇద్దరిలో రెండు వేరు స్ట్రెయిన్లు ఉన్నాయంటే, ఒకరిది మరొకరికి చేరే అవకాశం ఇంకా మిగిలి ఉందనే అర్థం. ఈ రోగుల దగ్గులోంచి వెలువడిన తుంపర్లలో సూడోమోనాస్ 4 మీటర్ల దూరం వరకూ చేరిందనీ, 45 నిమిషాల తర్వాత కూడా గాలిలో బతికే ఉందనీ ఆస్ట్రేలియాలో చేసిన ప్రయోగాల్లో తేలింది. 2 మీటర్ల దూరం, ఆసుపత్రిలో మాస్క్, వేరు రోజుల్లో క్లినిక్ అన్న నియమాలు స్ట్రెయిన్ ఏదైనా అందరికీ వర్తిస్తాయి. తల్లులు ఫోన్‌లో మాట్లాడుకోవచ్చు, కలుసుకోవచ్చు. పిల్లలు మాత్రం వీడియో కాల్‌కు పరిమితం కావాలి. నెబ్యులైజర్ కప్పును ప్రతిసారీ సబ్బునీళ్లతో కడిగి, మరిగే నీళ్లలో 5 నిమిషాలు ఉంచి, గాలికి పూర్తిగా ఆరబెట్టే పద్ధతిని రెండు కుటుంబాల చేత మా నర్సు ఎదురుగా చేయించి చూసింది.

జూలైలో గోదావరికి వరద వచ్చింది. సార్వా ఊడ్పులు ముమ్మరంగా ఉన్నాయి. బాలుడికి జ్వరం, దగ్గు పెరిగి, బరువు తగ్గి ఆసుపత్రిలో చేరాడు. కఫంలో సూడోమోనాస్‌తోపాటు మరో గ్రామ్-నెగటివ్ క్రిమి పెరిగింది. ఆటోమేటెడ్ యంత్రం దానికి ఇచ్చిన పేరు బర్ఖోల్డేరియా సెపేషియా. సీఎఫ్ రోగి విషయంలో ఈ పేరు వార్డుకు చేరిన క్షణం నుంచి అందరి గుండెల్లో దడ మొదలవుతుంది. ఈ సెపేషియా వర్గానికే చెందిన ఈటీ-12 లాంటి వంశమైతే క్లినిక్ మొత్తం మూసి ఆలోచించాల్సి వస్తుంది. పిల్లల వైద్యురాలు అతన్ని వెంటనే ఒంటరి గదికి మార్చింది, అది సరైన పనే. బాలిక కఫం తక్షణం పరీక్షించాలని కూడా అడిగింది.

అయితే వరి పొలాల మధ్య నుంచి, వర్షాకాలంలో వచ్చిన రోగిలో యంత్రం సెపేషియా అన్నప్పుడు, నేను మొదట అడిగే ప్రశ్న వేరు: ఇది బర్ఖోల్డేరియా సూడోమాలీ కాదు కదా? మెలియోయిడోసిస్ కలిగించే ఈ క్రిమి తడి నేలలో, నిలువనీటిలో ఉంటుంది. 1912లో విట్‌మోర్, కృష్ణస్వామి రంగూన్‌లో మొదట వర్ణించిన ఈ జబ్బు మన కోస్తా అంతటా ఉంది. మధుమేహం ఉన్న రైతులూ కూలీలూ ప్రతి వర్షాకాలం దీనితో వస్తారు. గుర్తింపు యంత్రాలు దీన్ని తరచూ సెపేషియా అనో, మరో దగ్గరి జాతి అనో చూపిస్తాయి. ఈ ప్రాంతంలో పనిచేసే టెక్నీషియన్లకు మేము ఖచ్చితంగా చెప్పే మాట ఒకటుంది: ప్లేట్‌ను ముక్కు దగ్గర పెట్టి వాసన చూడకూడదు. సూడోమోనాస్‌ను తీపి ద్రాక్ష వాసనతో పసిగట్టడం పాతతరం నేర్పిన అలవాటే కావచ్చు, కానీ ఆ ప్లేట్ మీద సూడోమాలీ ఉంటే ఆ ఒక్క శ్వాస చాలు. అనుమానం రాగానే పనంతా బయోసేఫ్టీ క్యాబినెట్ లోపలికి మార్చాం.

మూడు డిస్కుల పరీక్ష (క్రిమి పెరిగే ప్లేట్ మీద మూడు యాంటీబయాటిక్ బిళ్లలు పెట్టి చూసేది) ఏ చిన్న ప్రయోగశాలకైనా అందుబాటులో ఉండేదే. ఈ ఐసోలేట్ జెంటామైసిన్‌కు లొంగలేదు, కొలిస్టిన్‌కు లొంగలేదు, అమాక్సిసిలిన్-క్లావులనేట్ డిస్క్ చుట్టూ మాత్రం విశాలమైన ఖాళీ వలయం వచ్చింది. సెపేషియా వర్గపు క్రిములు మొదటి రెండింటికీ లొంగవు గానీ, సాధారణంగా మూడోదానికీ లొంగవు. ఆ వలయమే అసలు సూచన. సూడోమాలీని పెంచడానికి వాడే ఆష్‌డౌన్ మాధ్యమం మీద నాలుగో రోజుకు ఊదా రంగులో, ముడతలు పడిన పొడి కాలనీలు వచ్చాయి. క్రిమిని గుర్తించే ల్యాటెక్స్ అగ్లుటినేషన్ పరీక్ష పాజిటివ్. టైప్-3 స్రావక వ్యవస్థ జన్యువుకు చేసిన పీసీఆర్‌తో రిఫరెన్స్ ప్రయోగశాల సూడోమాలీ అని ధ్రువీకరించింది. సూడోమాలీ కల్చర్‌ను పంపడానికి రవాణా నిబంధనలు మరింత కఠినం కాబట్టి, ఈసారి ప్యాకింగ్, పత్రాలు వేరే శ్రేణివి వాడాం. సెనోసెపేషియా అవునో కాదో చూసే రెక్-ఏ జన్యువు పరీక్ష, ఈటీ-12కు గుర్తులైన కేబుల్ పిలస్ జన్యువు పరీక్ష కూడా చేయించాం, రెండూ నెగటివ్. మా ఫ్రీజర్‌లో ఉన్న పెద్దవాళ్ల మెలియోయిడోసిస్ ఐసోలేట్లతో జీనోమ్ పోల్చితే ఏ ఒక్కదానితోనూ కలవలేదు. బాలిక కఫాన్ని ఆష్‌డౌన్ మీద, సెపేషియా కోసం వాడే ప్రత్యేక అగార్ మీద ఏడు రోజులు ఉంచి చూశాం, ఏమీ పెరగలేదు.

ఈ జవాబుతో చేయాల్సిన పనులన్నీ మారిపోయాయి. ఎపిడెమిక్ సెనోసెపేషియా అయితే ప్రమాదం ఎదురుగా కూర్చున్న రోగి నుంచి. సూడోమాలీ మనిషి నుంచి మనిషికి పాకడం అత్యంత అరుదు, అది పొలం నుంచి వస్తుంది. తండ్రిని మళ్లీ అడిగితే, ట్రాక్టరుతో దమ్ము చేస్తున్నప్పుడు కుర్రాడు రోజూ సాయంత్రం చెప్పుల్లేకుండా గట్టు మీదికి వచ్చేవాడని, గాలివాన రోజున కూడా అక్కడే ఉన్నాడని చెప్పాడు. వానాకాలంలో దమ్ము చేసే మడులకు దూరంగా ఉండాలని, బయటికి వెళ్తే బూట్లు వేసుకోవాలని, గాలివాన వస్తే ఇంట్లోనే ఉండాలని, బోరు నీళ్లు కాచి తాగాలని, నెబ్యులైజర్ కడిగాక చివరగా కాచిన నీళ్లతోనే తొలచాలని రాసిచ్చాం. ఆసుపత్రిలో సిద్ధమవుతున్న సెపేషియా హెచ్చరికను ఆపించాం. మామూలు సీఎఫ్ జాగ్రత్తలు కొనసాగించాం.

మెలియోయిడోసిస్‌కు మొదటి దశలో సెఫ్టాజిడిమ్ గానీ మెరోపెనెమ్ గానీ సిరలోకి కనీసం రెండు వారాలు ఇస్తారు. ఇతని సూడోమోనాస్ సెఫ్టాజిడిమ్‌కు లొంగదని ఫిబ్రవరి నుంచే తెలుసు కాబట్టి రెండు క్రిములకూ పనికొచ్చే మెరోపెనెమ్‌ను వైద్యురాలు ఎంచుకుంది. జ్వరం మొదటి వారం చివరికి తగ్గింది. జీ6పీడీ పరీక్ష (ఎర్రరక్తకణాలను కాపాడే ఎంజైమ్ లోపం లేదని చూసేది) మామూలుగా ఉందని చూసుకుని, కోట్రిమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ మాత్రలు మూడు నెలలకు మొదలుపెట్టారు.

మామూలు రోగిలో ఇంతటితో క్రిమి పోతుందని ఆశించవచ్చు. సీఎఫ్ ఊపిరితిత్తుల్లో అది ఏళ్ల తరబడి నిలిచిపోయిన ఉదాహరణలు ఉత్తర ఆస్ట్రేలియాలో ఉన్నాయి. మా బాలుడి కఫం అక్టోబరులోనూ నవంబరులోనూ శుభ్రంగా ఉంది, దాళ్వా నాట్ల సమయానికి ఆష్‌డౌన్ మీద మళ్లీ అవే ముడతల కాలనీలు వచ్చాయి. జీనోమ్ చూస్తే జూలై నాటి స్ట్రెయినే; అంటే పొలంలోంచి కొత్తగా రాలేదు, లోపలిది పోలేదు. కోట్రిమాక్సజోల్‌ను తిరిగి మొదలుపెట్టి, ప్రతి నెలా రక్తకణాలూ క్రియాటినిన్ చూస్తున్నారు. దీన్ని ఎంతకాలం కొనసాగించాలన్నది వచ్చే సీటీ స్కాన్, శ్వాస పరీక్షలను బట్టి వైద్యురాలు నిర్ణయిస్తుంది. బాలిక కఫం ప్రతి మూడు నెలలకూ మా దగ్గరికి వస్తోంది. ఆమె సూడోమోనాస్ ఇప్పటికీ ఆమెదే.